వెన్నెముకలో పేరుకొను కొవ్వు

నడుమునొప్పి యెరుగని యిల్లాలు మన దేశమున అరుదు. నీళ్లు మోయుటచేతనో, వంగి యూడ్చుటచేతనో, కాన్పుల యలసటచేతనో, వయసు మీరుటచేతనో నొప్పి వచ్చినదని మనకు మనమే కారణము చెప్పుకొని, కాపడము పెట్టుకొని, తైలము రాచుకొని, మరునాడు మరల పనిలో జొచ్చుచుందుము. పెక్కు నొప్పులు అట్లే తగ్గిపోవుటయు నిజమే. అయినను ఆ నొప్పుల చాటున మరుగుపడి, ఏండ్ల తరబడి గుర్తింపబడక, తుదకు కాళ్ల సత్తువనే హరించు వ్యాధులు కొన్ని కలవు. వానిలో నొకదానిని గూర్చి సోదరీమణులకు తెలుపవలెనని మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

దీనికి వైద్యులు స్పైనల్ ఎపిడ్యూరల్ లిపోమటోసిస్ అని పేరిడిరి. పేరు నోరు తిరుగనిదైనను భావము సులభమే. వెన్నెముక నడిమి నాళములో ఉండవలసినదానికంటె మిక్కిలి కొవ్వు పేరుకొని, అచ్చటి నరములను నొక్కుటయే యీ వ్యాధి. ఇది తరచుగా వచ్చునది కాదు. అయినను దీనిని తెలిసికొనుట కొక ప్రత్యేక కారణమున్నది. సకాలమున గుర్తించినచో కత్తి తగులకయే నయము కాగల సందర్భములు కలవు. గుర్తింపనిచో కాళ్లును, మలమూత్రములును స్వాధీనము తప్పవచ్చును. మరియు దీనిని తెచ్చిపెట్టు ముఖ్యకారణములు రెండును మన యింటిలోనే యున్నవి. ఒకటి మందుల పెట్టెలో, రెండవది వంటయింటిలో.

వెన్నునాళము

మన వెన్నెముకలో మెడయందు 7, వీపునందు 12, నడుమునందు 5 పూసలును, వానికి దిగువ ఒకటిగా అతుకుకొన్న యెముకలును కలవు. పూసలు ఒకదానిపై నొకటి పేర్చినట్లుండగా వాని రంధ్రములన్నియు కలిసి ఒక గొట్టమగును. అదియే వెన్నునాళము. మెదడునుండి దిగు వెన్నుపాము ఆ గొట్టములో సాగి, నడుము మొదటి రెండు పూసల చెంత ముగియును. అచ్చటినుండి దిగువకు నరములు మాత్రమే జడకుచ్చులవలె వ్రేలాడుచుండును. పాశ్చాత్య వైద్యులు వానిని గుర్రపుతోకతో పోల్చిరి. కాళ్లకు కదలికను, స్పర్శను, మూత్రాశయమునకు అదుపును ఇచ్చునవి యీ నరములే.

వెన్నుపామును, నరములను ఒక గట్టి పొర తిత్తివలె కప్పియుండును. ఆ తిత్తికిని ఎముక గోడకును నడుమ కొంచెము చోటున్నది. అందు సన్నని రక్తనాళములును, మెత్తని కొవ్వును ఉండును. ఈ కొవ్వు ఉండుట దోషము కాదు, బక్కపలుచనివారికిని ఉండును. గాజుసామాను పెట్టెలో ఊక పోసి సర్దినట్లు అది నరములకు మెత్తగా అమరియుండును. కాని పెట్టె పెరుగక ఊక మాత్రమే పెరిగినచో నలిగిపోవునది గాజుసామానే కదా! పొట్టపై కొవ్వు పెరిగిన చర్మము సాగును. వెన్నునాళపు గోడలు ఎముకలు, అవి సాగవు.

వెన్నునాళము ఇరుకై నరములు నొక్కుకొనుటవలన నడకలో బాధ కలుగునని హాలెండు దేశపు శస్త్రవైద్యుడు హెంక్ వెర్బీస్ట్ 1954 లో విశదముగా వ్రాసెను. సాధారణముగా ఆ యిరుకు ఎముకలు పెరుగుటవలనను, పూసల నడిమి బిళ్లలు ఉబ్బుటవలనను, కీళ్లను పట్టియుండు పట్టీలు మందమగుటవలనను వచ్చును. కొవ్వుచేతను వచ్చునను సంగతి 1975 లో ఆస్ట్రేలియా దేశపు వైద్యపత్రికలో ప్రకటింపబడెను. ఆ రోగికి మూత్రపిండము మార్చిరి. మార్చిన యవయవమును శరీరము పరాయిదిగా నెంచి త్రోసివేయకుండుటకై స్టెరాయిడ్ మందులు ఇయ్యబడినవి. పిమ్మట వెన్నుపాము నొక్కుకొనెను. నొక్కినది వ్రణము కాదు, చీము కాదు, వట్టి కొవ్వు. నాటినుండి ఇట్టి రోగులను అన్ని దేశముల వైద్యులును గుర్తించుచున్నారు.

మందుల పెట్టెలోని కారణము

స్టెరాయిడ్ అనునది విషము కాదు. మన మూత్రపిండములపై టోపీలవలె నున్న చిన్న గ్రంథులు పుట్టించు కార్టిసోల్ అను రసమునకు సాటియగు మందది. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్కున ఫిలిప్ హెంచ్ అను వైద్యుడు కీళ్లవాతముతో మంచము పట్టిన యొక రోగికి ఆ జాతి మందగు కార్టిసోన్ నిచ్చెను. కొలది దినములలోనే ఆ రోగి లేచి నడచినది. ఆ పరిశోధనలకై హెంచ్, కెండాల్, రైఖ్‌స్టైన్ అను మువ్వురికి 1950 లో నోబెల్ బహుమాన మొసగిరి. ఉబ్బసము, కీళ్లవాతము, చర్మవ్యాధులు, అవయవముల మార్పిడి మొదలగు పట్టుల నేటికిని ఇవి ప్రాణములను నిలుపుచున్నవి.

కాని యీ మందును పెద్ద మోతాదున దీర్ఘకాలము వాడినచో శరీరములోని కొవ్వు తావు మారును. చేతులు, కాళ్లు సన్నబడును, ముఖము పున్నమి చంద్రునివలె గుండ్రమగును, మెడ వెనుక మూపు లేచును, పొట్ట పెరుగును. పైకి కనబడు నీ మార్పులతో పాటు కనబడని వెన్నునాళములోను కొవ్వు చేరవచ్చును. ఏ మందును వాడకున్నను దేహమే కార్టిసోల్‌ను అధికముగా పుట్టించు జబ్బు వేరొకటి కలదు. హార్వే కుషింగ్ అను వైద్యుడు దానిని వర్ణించుటచే అతని పేరనే పిలుచుచున్నారు. అందును ఇట్లే జరుగును.

మన వీధిలో జరుగునది చూడుడు. పది దినములకని వైద్యుడు వ్రాసిన చీటీని దాచి, పది నెలలు మందుల దుకాణమునకు పంపుదుము. మోకాళ్ల నొప్పికి పేరు లేని పొట్లములు కొందుము. వనమూలికల మందని చెప్పి అమ్ము పొడులలో స్టెరాయిడ్ కలిపియున్నట్లు మన దేశమున పరీక్షలలో పలుమారులు బయటపడినది. ఏండ్ల నొప్పి ఒకటి రెండు దినములలో మాయమై, ఆకలి యినుమడించి, నెల తిరుగకముందే ముఖము ఉబ్బినచో ఆ పొట్లమును శంకింపవలెను. ప్రెడ్నిసోలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్ అను పేర్లు మాత్రల యట్టపై నున్నచో అవి స్టెరాయిడ్లని గుర్తుంచుకొనుడు.

మా పొరుగున నున్న యొక వృద్ధురాలి సంగతి ఇచట చెప్పుట యుక్తము. ఆమెకు ఉబ్బసము. ఒకప్పుడు ఆయాసము హెచ్చగా ఇచ్చిన తెల్లని చిన్న మాత్రలను ఆమె మూడేండ్లు మానలేదు. ఎవరును మానుమని చెప్పనులేదు. ముఖము నిండుగా నుండుటచే చూచినవారు ఒళ్లు చేసినదని సంతసించిరి. తరువాత వీపును పట్టీతో బిగించినట్లుండుటయు, పాదములనుండి తిమ్మిరి పైకి ప్రాకుటయు, నడకలో కాళ్లు బిగిసి తూలుటయు మొదలయ్యెను. అది వార్ధక్యమని యింటివారు కఱ్ఱ తెచ్చియిచ్చిరి. పట్టణమున పరీక్ష చేయించిన పిమ్మట వీపు పూసల కడ కొవ్వు వెన్నుపామును నొక్కుచున్నదని తేలెను. వైద్యుడు మాత్రలను ఆకస్మికముగా నాపక, నెలల పర్యంతము మెల్లమెల్లగా తగ్గించి, ఉబ్బసమునకు పీల్చుకొను మందును కుదిర్చెను. ఏడాదికి ఆమె కఱ్ఱ ఊతతో దేవాలయమునకు పోయి రాగలుగుచున్నది.

వంటయింటిలోని కారణము

రెండవ కారణము స్థూలకాయము. స్టెరాయిడ్ వలని కొవ్వు తరచుగా వీపుభాగమున చేరగా, స్థౌల్యమువలనిది నడుముభాగమున చేరుచుండును. ఏ కారణమును కనబడనివారును కొందరు కలరు. ఈ వ్యాధి స్త్రీలకంటె పురుషులలో హెచ్చుగా కనబడుచున్నది. కావున ఇంటి పెద్దల నడకను గూడ మనము గమనించుచుండవలెను.

అతిస్థౌల్యమును మన పెద్దలు భాగ్యలక్షణముగా నెంచిరని కొందరందురు. అది సరికాదు. చరక సంహిత సూత్రస్థానమున 21 వ అధ్యాయము అతిస్థూలుని నిందితులలో చేర్చినది. అట్టివానికి మేదస్సే పెరిగి తక్కిన ధాతువులు పోషణ గానవనియు, అతికార్శ్యముకంటె అతిస్థౌల్యమే కష్టసాధ్యమనియు చెప్పినది. కొవ్వు వెన్నునాళమున చేరునని ఆ గ్రంథము చెప్పలేదు. అది నేటి వైద్యము కనుగొన్న విషయము.

భారతీయులకై 2009 లో వైద్యనిపుణులు ఏర్పరచిన కొలతలను ఇంటిలోనే లెక్కింపవచ్చును. బరువును కిలోగ్రాములలో తీసికొని, ఎత్తును మీటర్లలో దానితోనే హెచ్చించి, ఆ లబ్ధముచే బరువును భాగింపవలెను. ఫలము 23 మొదలు అధికబరువు, 25 మొదలు స్థౌల్యము. 150 సెంటీమీటర్ల యెత్తుగల స్త్రీకి 56 కిలోలు దాటినచో స్థౌల్యమన్నమాట. స్త్రీలకు నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు మించరాదు.

లక్షణములు

నడుము కడ కొవ్వు నొక్కినప్పుడు నిలుచున్నను, నడచినను పిరుదులనుండి పిక్కలవరకు నొప్పి, బరువు, తిమ్మిరి కలుగును. కూర్చున్నను, ముందునకు వంగినను కొన్ని నిమిషములలో తగ్గును. పొయ్యి యొద్ద నిలుచుండి వండలేని యామె పీట వేసికొని కూర్చున్నచో హాయిగా వండగలదు. వీధి చివరవరకు నడువలేనివాడు సైకిలు మాత్రము తొక్కగలడు. వంగినప్పుడు వెన్నునాళము కొంత విశాలమగుటయే దీనికి కారణము. రక్తనాళములు పూడుటచేత కాళ్లు నొచ్చువారికి నడక ఆపి నిలుచున్నంతనే నొప్పి తగ్గును, వంగనక్కరలేదు. ఈ భేదమును వైద్యునితో చెప్పినచో ఆయనకు మిగుల ఉపకరించును. వీపు కడ నొక్కినచో పైన వృద్ధురాలి విషయమున చెప్పిన బిగువు, తూలు కనబడును.

ఈ నొప్పులు సామాన్యముగా నెలలు, ఏండ్లు మెల్లగా పెరుగును. కాని కొన్ని గుర్తులు కనబడిననాడు ఒక్క రాత్రియు ఆగరాదు. మూత్రము రాక నిలిచిపోవుట, లేక తెలియకుండ జారుట. మలము అదుపు తప్పుట. కూర్చుండు భాగమునందును, తొడల లోపలి వైపునను స్పర్శ తెలియకుండుట. రెండు కాళ్లును వేగముగా బలహీనమగుట. ఇవి సిగ్గుచేత మన స్త్రీలు భర్తతోను చెప్పక దాచుకొను విషయములు. సోదరీమణులారా, ఈ సిగ్గు జీవితకాలపు వైకల్యమునకు దారి తీయవచ్చును. నలిగిన నరములు మరల కోలుకొనుట జాగు కొలది దుర్లభమగును. అట్టి దినమున నాడీ శస్త్రవైద్యుడున్న ఆసుపత్రికి తక్షణమే పోవలెను.

పరీక్షలు

మామూలు ఎక్సురే చిత్రమున ఎముకలు కనబడునుగాని కొవ్వు తెలియదు. ఎమ్.ఆర్.ఐ. యను పరీక్షయే దీనికి ప్రధానము. అయస్కాంతశక్తిచే దేహము లోపలి చిత్రములను తీయు నీ పద్ధతికై లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్ అను శాస్త్రజ్ఞులకు 2003 లో నోబెల్ బహుమానము లభించినది. ఇందు ఎక్సురే కిరణము లుండవు. సుమారు అరగంట కదలక పరుండవలెను. యంత్రము పెద్ద చప్పుడు చేయును గాని నొప్పి లేదు. గాజులు, పిన్నులు, గొలుసులు, మెట్టెలు అన్నియు తీసివేయవలెను. మంగళసూత్రము తీయుటకు మనసొప్పనివారు ముందుగానే పసుపుకొమ్ము కట్టిన దారమును మెడలో వేసికొని పోయినచో చిక్కులేదు. గుండెలో యంత్రము, దేహములో లోహపు ముక్కలు ఉన్నవారు ముందుగా చెప్పితీరవలెను. ఈ పరీక్షకు వీలుకానివారికి సి.టి. పరీక్ష చేయుదురు.

ఈ చిత్రములలో ఒక రకమున కొవ్వు తెల్లగా మెరయును; కొవ్వు కాంతిని అణచి తీసిన వేరొక రకమున అదియే నల్లబడును. ఈ రెంటిని పోల్చి చూచి, అది గడ్డకట్టిన రక్తము కాదనియు, చీము కాదనియు, కొవ్వేయనియు నిర్ణయింతురు. కొవ్వు మందము 7 మిల్లీమీటర్లు మించినచో అధికమని పలువురు వైద్యులెంతురు. నడుమును అడ్డముగా కోసినట్లు చూపు చిత్రములో గుండ్రముగా నుండవలసిన నరముల తిత్తి మూడు వైపుల నొక్కబడి పంగలకఱ్ఱ యాకారము దాల్చును. నాళపు వెడల్పులో కొవ్వు 40 శాతము మించనిచో సహజమనియు, 41 నుండి 50 వరకు మొదటి తరగతి యనియు, 51 నుండి 74 వరకు రెండవ తరగతి యనియు, 75 మొదలు మూడవ తరగతి యనియు 2003 లో ఒక కొలత యేర్పరచిరి.

ఇందొక మెలకువ కలదు. చిత్రమున కొవ్వు కనబడినంతమాత్రమున రోగమని కాదు. తక్కువ తరగతులలో ఏ బాధయు లేనివా రనేకులు. ఉబ్బిన బిళ్ల, పెరిగిన ఎముక తోడగుటయు కలదు. కావున రోగి చెప్పిన బాధయు, వైద్యుడు చేతితో చూచిన కాళ్ల బలమును, చిత్రమును మూడును కుదిరినపుడే నిర్ణయము సరియగును. వానితో పాటు రక్తములో చక్కెర, కొవ్వు, అవసరమైనచో కార్టిసోల్ పరీక్షించి మూలకారణమును వెదకవలెను.

చికిత్స

కాళ్ల బలము తగ్గనివారికి మొదటి చికిత్స కారణమును తొలగించుటయే. స్టెరాయిడ్ కారణమైనచో వైద్యుడు దానిని క్రమముగా తగ్గించును, లేక వేరు మందును కుదుర్చును. ఈ వ్యాసము చదివి భయపడి మాత్రలను ఒక్కసారి ఆపుట మాత్రము మహాప్రమాదము. బయటి మందు చాలకాలము దొరకుటచేత మన గ్రంథులు తమ పని మరచి నిద్రించుచుండును. మందు హఠాత్తుగా ఆగినచో వాంతులు, నీరసము, రక్తపు పోటు పడిపోవుట కలిగి ప్రాణమునకే ముప్పు వాటిల్లును. పీల్చుకొను ఉబ్బసపు మందు దేహమంతట వ్యాపించుట చాల తక్కువ, దానిని మానరాదు.

స్థౌల్యము కారణమైనచో బరువు తగ్గుట కేవలము హితోపదేశము కాదు, అదియే మందు. బరువు తగ్గిన పిమ్మట వెన్నునాళములోని కొవ్వు కరగి, నరముల తిత్తి మరల గుండ్రమైనట్లు చిత్రములతో సహా వైద్యులు నిరూపించిరి. ఉపవాసములతో దేహమును శోషింపజేయ నక్కరలేదు. అన్నము పళ్లెమున సగము కూరలు, ఆకుకూరలు, పప్పు చేరవలెను. నూనె, నేయి కొలిచి వాడవలెను. జంతికలు, మిఠాయిలు డబ్బానిండ చేసి యుంచరాదు. పిల్లలు విడిచినది పారవేయ మనసొప్పక గిన్నె యడుగున మిగిలినదెల్ల తినుట ఇల్లాండ్ర బరువునకు ఒక పెద్ద కారణము. తక్కువ వండుటయే దానికి మందు. నడువలేనివారు కదలని సైకిలును ముందునకు వంగి తొక్కుట, కొద్ది దూరములు నడచి కూర్చుండుట, వైద్యుని శిక్షణలో నడుముకును పొట్టకును బలమిచ్చు వ్యాయామములు చేయుట మేలు.

నడుమునొప్పికి వెన్నులో ఇచ్చు సూదిమందులలో స్టెరాయిడ్ ఉండుట కలదు. ఈ కొవ్వు వ్యాధి యున్నవారికి అట్టి సూదిమందు ఇయ్యదలచినప్పుడు, ఇంతకుముందు ఎన్ని వేసిరో తప్పక చెప్పవలెను; మాటిమాటికి వేసినవారిలో కొవ్వు పెరిగినట్లు వైద్యగ్రంథములలో ఉన్నది.

నెలలు గడచినను బాధ తగ్గనిచోటను, కాళ్ల బలము క్షీణించుచున్నపుడును, పైన చెప్పిన ఆపద గుర్తులు కనబడినపుడును శస్త్రచికిత్సయే దారి. వీపునుండి పూసల వెనుకకప్పు నెముకను కొంత తొలగించి, తిత్తిని నొక్కుచున్న కొవ్వును తీసివేయుదురు. పెక్కుమందికి నొప్పి తగ్గి నడక బాగుపడును. రక్తస్రావము, చీము పట్టుట, పొర చినుగుట మొదలగు ప్రమాదములును కలవు. స్టెరాయిడ్ వాడువారికి గాయము మానుట ఆలస్యమగుటచే వారికి జాగ్రత్త హెచ్చుగా కావలెను. శస్త్రచికిత్స కొవ్వును తీయునుగాని కారణమును తీయదు. బరువును, అనవసరపు మందును విడువనిచో కొవ్వు మరల చేరవచ్చును.

ఇంటిలో నెవరికైనను నడకతో హెచ్చి కూర్చున్నంతనే తగ్గు కాళ్లనొప్పి యున్నచో వైద్యుని యొద్దకు పోవునపుడు ఒక కాగితమున మూడు సంగతులు వ్రాసికొని పోవుడు. ఎంత దూరము నడచినచో నొప్పి మొదలగుచున్నది, ఏ భంగిమలో తగ్గుచున్నది. గడచిన రెండేండ్లలో బరువు ఎంత పెరిగినది. ఆ కాలమున మ్రింగిన మాత్రలు, పొడులు, వేయించుకొన్న సూదిమందులు ఏవి. పేరు తెలియని మందైనచో దాని పొట్లమునే సంచిలో వేసికొని పోయి చూపుడు.